రేకులు చల్లబడే వేళ

ఇళ్ళ కప్పుల పనిలో ఉన్నవాళ్ళంతా ఆవిడని నిచ్చెనక్క అంటారు. పెళ్ళయిన కొత్తలో మొగుడు ఇళ్ళ మీదికెక్కి పెంకులు సర్దుతుంటే ఆవిడ కింద నిచ్చెన పట్టుకొని నిలబడేది. పన్నెండేళ్ళు అలా నిలబడ్డాక తనూ ఎక్కడం మొదలుపెట్టింది కానీ, పేరు మాత్రం నేల మీదే ఉండిపోయింది.

పెళ్ళికి ముందు ఆవిడ పెంకుల బట్టీలో పనిచేసేది. కాలి చల్లారిన పెంకుని ఎడమచేత్తో అంచు పట్టుకొని వేలాడదీయాలి, కుడిచేతి వేలి కణుపుతో కొట్టాలి, వినాలి. మంచి పెంకు ఖంగుమంటుంది. లోపల బీట ఉన్న పెంకు దగ్గుతున్నట్టు మోగుతుంది. కంటికి కనపడని బీట చెవికి దొరికిపోతుంది. రోజూ వందల పెంకులు, ఏడేళ్ళు. ఆ బట్టీకి సరుకు ఎక్కించుకోవడానికి వచ్చే మేస్త్రీ ఒకరోజు, "మీ పెంకులు దారిలో ఒక్కటీ పగలడం లేదు, ఏం మందు పెడుతున్నారు?" అని అడిగాడు. "పగిలేవాటిని మీ బండి దాకా రానివ్వడం లేదు" అంది ఆవిడ. ఆ మాటతోనే పెళ్ళి కుదిరిపోయిందని మేస్త్రీ తరవాత అందరికీ చెప్పుకొనేవాడు.

వాళ్ళకి పిల్లలు లేరు. పెంకుల కాలం పోయి రేకుల కాలం వచ్చింది. ఆ తరవాత నురగ రేకులొచ్చాయి. పైన ఒక ఇనుప రేకు, కింద ఒక ఇనుప రేకు, మధ్యలో నాలుగు వేళ్ళ మందాన గట్టిపడిన నురగ. ఎండ లోపలికి దిగదని, వాన రొద వినపడదని అమ్మేవాళ్ళు చెబుతారు. అది నిజమే. వాళ్ళు చెప్పని సంగతి ఒకటుంది. పై రేకు ఎండకి కాగుతుంది, కింది రేకు గదితోపాటు చల్లగానే ఉంటుంది. కాగిన రేకు సాగుతుంది. ఆరు మీటర్ల రేకు మంచి ఎండలో అగ్గిపుల్ల మందం కంటే కాస్త ఎక్కువే సాగుతుంది. ఆ కాస్త చోటు వదిలి బిగిస్తే దాని మానాన అది సాగుతుంది, ముడుచుకుంటుంది. చోటు ఇవ్వకపోతే ఓర్చుకొని ఓర్చుకొని ఒక్కసారిగా జారుతుంది. అప్పుడొచ్చే చప్పుడు తుపాకీ పేలినట్టు ఉంటుంది. అలాంటి చప్పుళ్ళని వెతికి పట్టుకొని ఆపడమే వాళ్ళిద్దరి పని.

ఇందులో వినడం ఆవిడ వంతు. మేస్త్రీకి చెవులు పోయాయి. ఇరవై ఏళ్ళపాటు రేకులు కోసే కట్టరు, స్క్రూలు బిగించే మిషను తల పక్కనే పెట్టుకొని పనిచేశాడు. చెవుల్లో దూది కూడా పెట్టుకోలేదు. మొదట పిట్టల కూతలు పోయాయి, తరవాత ఫోను మోత, చివరికి పెళ్ళాం మాట. దగ్గరికొచ్చి గట్టిగా చెబితే సగం అందుతుంది. పెదవులు చూసి మిగతా సగం పోల్చుకుంటాడు. అయినా ఆయన అరచెయ్యి రేకు మీద ఆనిస్తే ఏ స్క్రూ దగ్గర అదిరిందో చెప్పగలడు. ఆవిడ గదిలో స్టూలెక్కి వింటుంది, ఆయన పైన రేకు మీద బోర్లా పడుకొని తడుముతాడు. ఆవిడ చీపురుకర్రతో కప్పుని ఒకసారి పొడిస్తే నీళ్ళు పొయ్యమని, రెండుసార్లు పొడిస్తే ఆపమని. పాతికేళ్ళ కాపురంలో వాళ్ళు నోటితో అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడుకోలేదని ఆవిడే నవ్వుతూ అనేది.

ఒక ఎండాకాలం ఆవిడకి ఫోను వచ్చింది. అవతల వయసు మళ్ళిన ఆడగొంతు. మాట నిదానంగా, ఒత్తులన్నీ పలుకుతూ ఉంది.

"మీరు రేకుల చప్పుళ్ళు చూస్తారని గోడ మీద రాసి ఉంటే నంబరు రాసుకున్నాను. ఒక సంగతి ముందే చెబుతున్నా. మీరు వచ్చాక మా తమ్ముడు మీతో వేరేలా మాట్లాడతాడు. వాడి మాట వినండి, తప్పులేదు. కానీ పైకి వచ్చి నా మాట కూడా వినండి."

ఆ ఇల్లు రెండు వీధులు కలిసేచోట, కింద మిద్దె, పైన ఒకే ఒక గది. ఆ గది మీద ఇటుక రంగు నురగ రేకులు. గేటు తీసింది తమ్ముడే. యాభై దాటినవాడు, సెలవు రోజు కాబట్టి ఇంట్లో ఉన్నాడు. మెట్లెక్కకముందే వాళ్ళని పక్కకి పిలిచాడు.

"మా అక్కయ్యకి ఒంట్లో బాగుండడం లేదండి. రెండేళ్ళ నుంచి పైన ఎవరో కొడుతున్నారు, పేలుస్తున్నారు అంటుంది. మాకెవరికీ వినపడదు. డాక్టరుకి చూపించాం, మందులు వాడుతున్నాం. మీరు ఊరికే అలా పైకెక్కి రెండు స్క్రూలు తిప్పి, బాగుచేశామని చెప్పండి. మనసు కుదుటపడుతుంది."

అతను చెడ్డవాడిలా కనపడలేదు. అలసిపోయినవాడిలా కనపడ్డాడు.

"చూడకుండా బాగుచేశామని చెప్పలేనండి" అంది నిచ్చెనక్క. "ముందు చూడనివ్వండి. ఏమీ లేకపోతే లేదనే చెబుతాను."

"అది చెబితే ఇంకా కష్టం" అన్నాడతను.

ఆ అక్కయ్య ముప్పై నాలుగేళ్ళు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది. ఆ వీధిలో ఆవిడని అందరూ ప్రూఫులమ్మ అనే అంటారు. పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగం అయిపోయాక తమ్ముడింటికి వచ్చేసింది, వాళ్ళు ఆవిడ కోసమే పైన ఆ గది వేయించారు. గదిలో ఒక మంచం, ఒక బల్ల, గోడ నిండా పుస్తకాలు, కిటికీ దగ్గర ఒక కుర్చీ. అన్నీ గీత గీసి పెట్టినట్టున్నాయి. మనిషి మాత్రం మందుల మగతలో ఉంది. మాట మధ్యలో ఆగి, ఎక్కడ ఆగిందో వెతుక్కొని మళ్ళీ మొదలుపెడుతోంది.

"కూర్చో అమ్మాయ్" అని బల్ల సొరుగులోంచి ఒక నోటుబుక్కు తీసింది. అందులో ఎర్ర సిరాతో తేదీలు, టైములు. ఒక్కో చప్పుడుకి ఒక్కో వరస. పక్కన చిన్న గుర్తులు. "ఇది పెద్దది. ఇది చిన్నది. ఇది వరసగా టకటకమని వచ్చేది. తప్పులు పట్టడం నా పని కదా, రాసుకున్నాను."

నిచ్చెనక్కకి చదువు అంతంతమాత్రమే. వేలు పెట్టుకొని నెమ్మదిగా చదివింది. పొద్దున పది పదకొండు మధ్య, సాయంత్రం నాలుగు అయిదు మధ్య. కొన్ని రోజులు మధ్యాహ్నమంతా గుట్టలుగా ఉన్నాయి. కొన్ని రోజులు అసలేమీ లేవు.

"ఈ రోజుల్లో ఏమైందమ్మా, మీరు ఊళ్ళో లేరా?"

"ఉన్నాను. వాన."

"మధ్యాహ్నమంతా వచ్చిన రోజులు?"

ప్రూఫులమ్మ ఆ పేజీలోకి వంగి చూసింది. "మబ్బులు వచ్చిపోతూ ఉన్న రోజులు."

నిచ్చెనక్క నోటుబుక్కు మూసి, గుమ్మం దగ్గర నిలబడ్డ తమ్ముడివైపు తిరిగింది. "పొద్దున పదింటికి, సాయంత్రం నాలుగింటికి ఇంట్లో ఎవరుంటారండీ?"

"ఎవరం ఉండం. నేనూ మా ఆవిడా పనికి వెళ్ళిపోతాం."

"సెలవు రోజున?"

"కింద ఉంటాం. టీవీ, ఫ్యాన్లు. మధ్యలో శ్లాబు ఉంది కదా."

"భ్రమ అయితే వాన రోజు చూసుకొని సెలవు తీసుకోదండీ" అంది నిచ్చెనక్క. "సాయంత్రం దాకా మీరు ఇక్కడే ఉండండి."

మేస్త్రీ పైకెక్కాడు. రెండు గంటలకి రేకు మీద చెయ్యి పెట్టలేనంత కాక. గోనెపట్టా పరుచుకొని పడుకున్నాడు, పక్కన రెండు బకెట్ల నీళ్ళు పెట్టుకొని. కింద ఆవిడ ఫ్యాను ఆపించి, కిటికీలు మూయించి, స్టూలు జరుపుకుంటూ కప్పు కింద తిరిగింది. గోడ పక్కన ఒక చోట ఆగి, చీపురుకర్రతో ఒకసారి పొడిచింది. పైన నీళ్ళు పడ్డాయి.

ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేలోపు గదిలో తుపాకీ పేలినట్టు ఠాప్‌మంది. తమ్ముడు తలుపు చట్రం పట్టుకున్నాడు. దాని వెనకే కప్పు పొడుగునా టకటకమని నాలుగు చిన్నవి పరిగెత్తాయి.

ప్రూఫులమ్మ అదిరిపడలేదు. గోడ గడియారం వైపు చూసి, పెన్ను మూత తీసి, "రెండూ ఇరవై ఆరు" అని రాసుకొంది. రాశాక పెన్ను మూత పెట్టలేక బల్ల మీద అలాగే వదిలేసింది.

"అక్కయ్యా" అన్నాడు తమ్ముడు.

ఆవిడ అతనివైపు చూడలేదు. "రెండేళ్ళు" అంది, గోడకి చెబుతున్నట్టుగా. "రోజుకి రెండు బిళ్ళలు."

తమ్ముడు మెట్ల మీదికి వెళ్ళి కూర్చున్నాడు. సాయంత్రం దాకా పైకి రాలేదు.

ఆ రోజే నిచ్చెనక్క కప్పంతా సుద్దతో గుర్తులు పెట్టింది. గోడ దగ్గరి పెద్ద చప్పుడు ఒక రకం, స్క్రూల దగ్గర వచ్చే కరుకు చప్పుడు ఇంకొకటి, దూలం మీద నురగ రేకు రాసుకొని వచ్చే మూలుగు మరొకటి. మర్నాడు రేకుల అంచులు విప్పి చూస్తే తప్పంతా బయటపడింది. ఎవరు బిగించారో గానీ, రేకుల్ని రెండు చివర్లా గొంతు నులిమినట్టు బిగించారు. స్క్రూల కింది రబ్బరు వాషర్లు నలిగి పక్కకి పాకి ఉన్నాయి. గోడవైపు చివర ఖాళీయే వదల్లేదు, రేకు అంచుని సిమెంటులో పూడ్చేశారు. గోడకీ కప్పుకీ మధ్య సందుని కప్పే మూతరేకుని అటూ ఇటూ కూడా మేకులేశారు. ఎండకి సాగే రేకు ఇక ఎటు పోతుంది? ఒక పూట పని మిగుల్చుకోవడానికి ఎవరో అలా చేసి వెళ్ళిపోయారు.

మూడు రోజులు పట్టింది. సిమెంటు కొట్టి వేలెడు సందు చేశారు. పై చివర స్క్రూలు ఉన్నచోటే ఉంచి, కింది చివర స్క్రూలన్నీ తీసి, బెజ్జాలు పెద్దవి చేసి, వెడల్పు వాషర్లతో కొత్తవి వేశారు. వాషరు కూర్చోగానే మేస్త్రీ మిషను ఆపేసేవాడు, ఒక చుట్టు కూడా ఎక్కువ తిప్పలేదు. రేకుకీ దూలానికీ మధ్య మెత్తటి పట్టీ దూర్చారు. మూతరేకుని గోడకి మాత్రం ఉంచి కప్పు నుంచి విడిపించారు. నాలుగో రోజు మధ్యాహ్నం మళ్ళీ నీళ్ళు పోసి చూశారు. నీళ్ళ చప్పుడే వచ్చింది. ఇంకోసారి పోశారు. సాయంత్రం దాకా కూర్చున్నారు. నాలుగయింది, అయిదయింది. రేకులు చల్లబడ్డాయి, ఏ చప్పుడూ లేదు.

ఆ మూడు రోజులూ ప్రూఫులమ్మ వాళ్ళకి టీ పెట్టి ఇచ్చింది. తమ్ముడి భార్య కింద నుంచి పలహారం పంపితే అది కూడా వాళ్ళకే పెట్టేసింది. మరదలు రెండుసార్లు మెట్ల దాకా వచ్చి, "వదినా, కిందికి వస్తారా, కలిసి తిందాం" అని అడిగింది. "తరవాత" అంది ప్రూఫులమ్మ. వెళ్ళేటప్పుడు నిచ్చెనక్క చెయ్యి పట్టుకొని, "నువ్వొక్కదానివే విన్నావు అమ్మాయ్" అంది.

నిచ్చెనక్కకి ఆ మాట వారం రోజులు కడుపు నింపింది. ఆవిడ జీవితంలో పని బాగా చేశావన్నవాళ్ళు ఉన్నారు, అలాంటి మాట అన్నవాళ్ళు లేరు.

పదకొండో రోజున ఫోను వచ్చింది.

"మళ్ళీ వస్తోంది" అంది ప్రూఫులమ్మ.

రేకులు ఒక్కోసారి సర్దుకోవడానికి సమయం తీసుకుంటాయి, ఏ స్క్రూనో వదిలేసి ఉంటాం అనుకొని ఇద్దరూ వెళ్ళారు. గేటు దగ్గర తమ్ముడు ఈసారి ఏమీ చెప్పలేదు. తలుపు తీసి పక్కకి తప్పుకున్నాడు. మొహం పీక్కుపోయి ఉంది. అతను వారం నుంచి పనికి సెలవు పెట్టి పైగదిలో కూర్చుంటున్నాడని మరదలు మెల్లగా చెప్పింది. "ఆయనకేమీ వినపడడం లేదు. కానీ ఆ మాట అనే ధైర్యం ఆయనకి లేదు. ఒకసారి అని తప్పు చేశారు కదా."

పైన మేస్త్రీ ఒక్కో స్క్రూ మీదా చెయ్యి వేసి చూశాడు. అన్నీ కూర్చున్నచోటే ఉన్నాయి. గోడ సందులో చెత్త పడిందేమోనని పుల్లతో గీకాడు, లేదు. నిచ్చెనక్క స్టూలెక్కి మూలమూలా విన్నది. నీళ్ళు పోయించింది. మండుటెండ, చన్నీళ్ళు. రేకు నోరు విప్పలేదు.

నోటుబుక్కు అడిగింది. కొత్త పేజీల్లో టైములు పాత పేజీల్లా లేవు. తెల్లవారుజాము ఉంది, అన్నం తినే వేళ ఉంది. అంతకుముందు వారంలో రెండు రోజులు ముసురు పట్టింది. ఆ రెండు రోజులకీ ఎర్ర సిరాతో వరసలు నిండి ఉన్నాయి.

ఆవిడ పాత పేజీలకి వెళ్ళి వాన రోజులు మళ్ళీ చూసింది. అవి ఖాళీగానే ఉన్నాయి.

"ఇదిగో" అంది ప్రూఫులమ్మ ఉన్నట్టుండి. కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఇప్పుడు. విన్నావా?"

గదిలో గడియారం తప్ప ఇంకేమీ లేదు. కింద వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేశారు. అంతే.

"చెప్పు అమ్మాయ్. వినపడిందా లేదా?"

నిచ్చెనక్క తరవాత చాలాసార్లు అనుకొంది, ఔనంటే ఏం పోయేదని. ఒక్క మాట. ఆ మనిషికి ఈ లోకంలో తోడు ఉండేది. కానీ ఔనంటే ఇంకో స్క్రూ విప్పాలి, ఇంకో రోజు రావాలి, చివరికి ఆ కప్పంతా విప్పినా చప్పుడు ఆగదు. అది కాక, బట్టీలో ఏడేళ్ళు ఖంగుమన్నదాన్ని ఖంగుమందని, దగ్గినదాన్ని దగ్గిందని చెప్పిన నోరు ఆవిడది. అబద్ధం దగ్గర ఆ నోరు తిరగలేదు.

"లేదమ్మా" అంది. "నాకు వినపడలేదు."

"ఆ రోజు వినపడింది కదా."

"ఆ రోజు వచ్చిందమ్మా, విన్నాను. ఇవాళ రాలేదు."

ప్రూఫులమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. అచ్చుకాగితం మీద తప్పు కోసం చూసినట్టు చూసింది. "అయితే నువ్వు కూడా వాళ్ళ వైపే" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనిపించింది నిచ్చెనక్కకి.

మేస్త్రీ అప్పటికే దిగివచ్చి గుమ్మంలో తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. ఇద్దరి పెదవులూ చూస్తూ ఉన్నాడు. చెవిటివాళ్ళు మాట్లాడినట్టే, అవసరం లేనంత గట్టిగా అన్నాడు:

"నాకు వినపడుతుందమ్మా."

ఇద్దరూ తిరిగి చూశారు.

"మీ రేకులు కాదు. నా మిషను. స్క్రూలు బిగించే మిషను. పనిలో లేనప్పుడు కూడా తిరుగుతూనే ఉంటుంది. తింటున్నా, పడుకున్నా. ఇదిగో, ఇప్పుడు కూడా తిరుగుతోంది."

ప్రూఫులమ్మ నోటుబుక్కు తీసుకొని, వెనక పేజీలో పెద్ద అక్షరాలతో రాసి ఆయనకి చూపించింది. ఎన్నాళ్ళ నుంచి?

"తొమ్మిదేళ్ళు."

"నాకెప్పుడూ చెప్పలేదే" అంది నిచ్చెనక్క. ఆయన అప్పుడు ఆవిడవైపు చూడడం లేదు, ఆ మాట ఆయనకి అందలేదు.

ప్రూఫులమ్మ ఇంకో మాట రాసింది. ఆగుతుందా?

"ఆగదమ్మా. మొదట్లో ఆగుతుందేమోనని రోజూ చూసేవాణ్ణి. ఆ చూడడమే ఎక్కువ కష్టం. ఇప్పుడు చూడడం మానేశాను."

మరి ఎలా, అని రాసింది ఆవిడ.

మేస్త్రీ చదివి భుజాలు ఎగరేశాడు. "ఎలా అంటే ఏముంది. పొద్దున లేచి పనికి పోతాను."

ప్రూఫులమ్మ నోటుబుక్కు మూసి అంది, ఆయనతో కాదు, ఎవరితోనో: "నాకు పని కూడా లేదు."

ఆ రోజు వాళ్ళు ఇంటికి నడిచే వెళ్ళారు, సామాను భుజాన వేసుకొని. సందు మలుపు దగ్గర నిచ్చెనక్క ఆగి, ఆయన చెయ్యి పట్టుకొని ఆపి, మొహం ఎదురుగా పెట్టి అడిగింది: "తొమ్మిదేళ్ళు పక్కనే పడుకున్నాను కదయ్యా. ఎందుకు చెప్పలేదు?"

"చెబితే వినేదానివి" అన్నాడు ఆయన. "వినపడకపోతే బాధపడేదానివి. నీకు వినపడని చప్పుడంటూ లేదని నీకో నమ్మకం. దాన్నెందుకు పాడుచెయ్యడం అనుకున్నాను."

ఆవిడ సామాను సంచి ఆయన భుజం మీంచి తీసుకొని తన భుజాన వేసుకొంది.

ప్రూఫులమ్మని తమ్ముడు చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఈసారి మరదలు కూడా వెళ్ళింది. పాత బిళ్ళలు మాన్పించారు. చెవుల్లో నరాలు అరిగాయని, ఈ వయసులో మామూలేనని, చప్పుళ్ళు ఉండొచ్చని డాక్టరు అన్నాడట. నిచ్చెనక్క మనసులో మాత్రం వేరే మాట ఉంది. రెండేళ్ళపాటు నిజంగా వచ్చిన చప్పుడు కోసం, అది నిజమని ఒప్పుకొనే మనిషి కోసం, రోజంతా చెవి రిక్కించుకొని కూర్చుంది ఆ తల్లి. చప్పుడు ఆగిపోయాక కూడా ఆ చెవికి ఎదురుచూడడం ఆపడం చేతకాలేదు. డాక్టర్లు ఇలాంటివి ఒప్పుకుంటారో లేదో ఆవిడకి తెలియదు. ముందే ఎవరైనా పైకెక్కి ఒక గంట కూర్చొని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని మాత్రం తెలుసు.

ఆ తరవాత ఆవిడ మూడుసార్లు ప్రూఫులమ్మని చూడడానికి వెళ్ళింది. మొదటిసారి తలుపు తియ్యలేదు. రెండోసారి తీసింది, కూర్చోమంది, వాళ్ళాయన ఎలా ఉన్నాడని అడిగింది. కొంచెం తేరుకున్నట్టే ఉంది. మాట ఎక్కడా ఆగడం లేదు. మూడోసారి వెళ్ళేసరికి ఆవిడ కిందే, తమ్ముడి వాళ్ళతో కలిసి బల్ల దగ్గర అన్నం తింటోంది. మధ్యలో ఒకసారి ముద్ద నోటి దగ్గర ఆగింది. తల కాస్త పక్కకి వంచింది. తమ్ముడూ మరదలూ కూడా తినడం ఆపి, కళ్ళు దించుకొని ఆగారు. ఆ చప్పుడు అయిపోయాక అందరూ మళ్ళీ తిన్నారు.

ఆ చలికాలంలో జలుబు చేసి రొమ్ము పట్టేసి ప్రూఫులమ్మ పోయింది. ఆరు రోజులే మంచాన ఉంది. తమ్ముడు నెల తరవాత నిచ్చెనక్కకి ఫోను చేసి చెప్పాడు.

"ముందే చెప్పాల్సింది, ఏదీ తోచలేదు" అన్నాడు. "ఇప్పుడు పైగదిలో నేనే పడుకుంటున్నాను. పొద్దున, సాయంత్రం కూర్చొని వింటున్నాను. ఏ చప్పుడూ లేదండి. పని చాలా బాగా చేశారు" అన్నాడు.

"అక్కడ పడుకోకండి బాబూ" అంది ఆవిడ. "కిందికి వచ్చెయ్యండి." వచ్చాడో లేదో ఆవిడకి తెలియదు, మళ్ళీ ఫోను రాలేదు.

మేస్త్రీకి ఆ మరుసటి ఏడు తల తిరగడం మొదలైంది. ఒకసారి రేకు అంచున కూర్చొని, లేవలేక, చేతులు ఆనించి వెనక్కి పాకుతూ వచ్చాడు. చెవి లోపలి జబ్బేనని, ఇక ఎత్తులెక్కొద్దని డాక్టరు చెప్పాడు. తల్లో తిరిగే మిషనుకి మందు లేదని, పక్కన ఏదో ఒక రొద ఉంటే కాస్త మరుగున పడుతుందని కూడా చెప్పాడు. ఇద్దరూ వెళ్ళి ఒక పాత టేబులు ఫ్యాను కొన్నారు. అది కొత్తదైతే రొద రాదని ఆవిడే వెతికి వెతికి, దుకాణంలో నాలుగు ఫ్యాన్లకి చెవి ఆనించి విని, అన్నింటికంటే గట్టిగా మోగేదాన్ని ఎంచింది. దుకాణంవాడు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

ఇప్పుడు ఆవిడ ఒక్కతే పనికి వెళ్తుంది. చప్పుళ్ళ పనులు ఎక్కువ ఒప్పుకోవడం లేదు. కారే కప్పులకి పట్టీలు వేస్తుంది, నలిగిన వాషర్లు మారుస్తుంది. పైనుంచి చెయ్యి పెట్టి చెప్పే మనిషి లేకపోతే సగమే తెలుస్తుందని అంటుంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన గోడకి ఆనుకొని కూర్చొని ఉంటాడు. ఎదురుగా వచ్చి నిలబడి, ఎలా ఉందని కనుబొమలతో అడుగుతుంది. ఆయన అరచెయ్యి ఎత్తి చూపిస్తాడు. నేలకి దగ్గరగా పెడితే తక్కువ, భుజం దాకా ఎత్తితే ఎక్కువ. ఈ మధ్య ఆ చెయ్యి భుజం కిందికి దిగడం లేదు.

చలికాలంలో కూడా ఆ ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఆయన దానివైపు తల పెట్టుకొని పడుకుంటాడు. ఆవిడ దుప్పటి రెండు మడతలు వేసి కప్పుకొని, ఆ రొదలో ఆయన వింటున్నది ఏదో తనకీ అందుతుందేమోనని కాసేపు చూస్తుంది. ఏమీ అందదు. చలికి కాళ్ళు ముడుచుకొని ఇటు తిరిగి పడుకుంటుంది.